ఈస్టర్ పండక్కి లేచిన రేడియో

ఐర్లాండ్ పైరేట్ రేడియో, అంటే లైసెన్స్ లేకుండా నడిచే రేడియో, అనగానే చాలామందికి డబ్లిన్ స్టేషన్లు గుర్తొస్తాయి, లేదంటే సముద్రంలో ఓడ మీద నడిచిన రేడియో కెరొలైన్. 1964లో ఆ ఓడను సిద్ధం చేసింది కూడా ఐర్లాండ్ తూర్పు తీరంలోని గ్రీనోర్ రేవులోనే. అదంతా పాప్ పాటల కథ. నన్ను పడమటి తీరానికి లాక్కెళ్ళింది మరో కథ. కొన్నెమారాలోని రాస్‌మక్ అనే పల్లెలో 1970లో కొందరు లైసెన్స్ లేకుండా రేడియో నడిపారు, తమ ఐరిష్ భాష తమ చెవిన పడాలని.

గాల్వేలో కారు తీసుకుని సముద్రం పక్కనే పడమటికి వెళ్ళాను. స్పిడల్ చేరేసరికి ఊళ్ళ బోర్డుల మీద ఇంగ్లీషు మాయమై ఐరిష్ ఒక్కటే మిగిలింది. ఇది గేల్‌తాక్ట్, అంటే ఐరిష్ ఇంకా ఇంటి భాషగా ఉన్న ప్రాంతం. ఎటు చూసినా బండలు, చిన్న చిన్న మళ్ళ చుట్టూ రాతి గోడలు. కాస్లా దాటి ఉత్తరానికి తిరిగితే బూడిదరంగు చెరువులు, పీట్, అంటే మొక్కలు సగం కుళ్ళి ఏర్పడిన నల్లటి నేల. ఆ నేలనే ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, పొయ్యిలో కట్టెల బదులు కాలుస్తారు. ఇలాంటి చోట పంట తీసి పిల్లల్ని పెంచడం ఎంత కష్టమో చూస్తేనే అర్థమవుతుంది. ఇక్కడి కుర్రాళ్ళు తరతరాలుగా ఇంగ్లండుకీ, అమెరికాలోని బోస్టన్‌కీ ఎందుకు వెళ్ళిపోయారో ఎవరినీ అడగక్కర్లేకపోయింది.

1926 నాటి వైర్‌లెస్ చట్టం ప్రకారం లైసెన్స్ లేనిదే ట్రాన్స్‌మిటర్ పెట్టకూడదు. ప్రసారాలు ప్రభుత్వ రేడియో చేతిలోనే ఉండేవి. 1937 రాజ్యాంగం ఐరిష్‌ని మొదటి అధికార భాష అంది. కానీ దాన్ని రోజూ మాట్లాడుకునే రైతులకీ జాలరులకీ తమదంటూ ఒక స్టేషన్ లేదు. నాకు అన్నిటికంటే బాధనిపించింది ఇదే. భాషకు రాజధానిలో గౌరవం దొరికింది, దాన్ని బతికిస్తున్న మనుషులకు మాత్రం ఏమీ దొరకలేదు.

1969లో ఇక్కడి యువకులు గేల్‌తాక్ట్ పౌరహక్కుల ఉద్యమం మొదలుపెట్టారు. ఊళ్ళలో పని కావాలి, తమ రేడియో తమకు కావాలి అన్నారు. భాషా ఉత్సవాలు డబ్లిన్‌లో జరుగుతుంటే, వీళ్ళు 1970 ఈస్టర్‌కు రాస్‌మక్‌లోనే సొంత ఉత్సవం పెట్టుకున్నారు. ఆ పండగ రోజుల్లోనే ‘సేర్ రాడియో కొనమారా’, అంటే ‘స్వేచ్ఛా కొన్నెమారా రేడియో’, గాలిలోకి వచ్చింది. నడిచింది కొద్ది రోజులే. అయినా తమ యాసలో మాట్లాడే గొంతు రేడియోలో వస్తే ఎలా ఉంటుందో జనానికి ఒకసారి తెలిసిపోయింది. ఇక ఆ కోరికను వాయిదా వేయడం ఏ ప్రభుత్వానికైనా కష్టమే.

ఈస్టర్‌ని ఎంచుకోవడంలో బలముంది. బ్రిటిష్ పాలన మీద 1916 తిరుగుబాటు మొదలైంది ఈస్టర్ వారంలోనే. దాని నాయకుడు, ఆ ఏడాది మే 3న బ్రిటిష్ వాళ్ళు కాల్చి చంపిన పాట్రిక్ పియర్స్ వేసవిలో వచ్చి ఉండే ఇల్లు రాస్‌మక్‌లోనే ఉంది. గడ్డి కప్పు, తెల్ల సున్నం గోడలు, కింద చెరువు. 1921లో బ్రిటిష్ బలగాలు తగలబెట్టాక మళ్ళీ కట్టారు. వాకిట్లో నిలబడి చుట్టూ చూస్తే, రేడియో తొలి మాటకు ఇంతకన్నా తగిన ఊరు దొరకదనిపించింది.

రెండేళ్ళు తిరిగాయో లేదో, 1972 ఏప్రిల్ 2న, అదీ ఈస్టర్ ఆదివారమే, ప్రభుత్వమే ఐరిష్‌లో మాట్లాడే ‘రేడియో నా గేల్‌తాక్టా’ను మొదలుపెట్టింది. దాని ప్రధాన కార్యాలయం ఇందాక నేను దాటి వచ్చిన కాస్లాలో ఉంది. తిరుగు దారిలో దాని ముందు ఆగాను. రోడ్డు పక్కన మామూలు కట్టడం. పెద్ద హంగేమీ లేదు, నాకు అదే నచ్చింది. ఈ ప్రాంతం వాళ్ళు 1987లో లైసెన్స్ లేకుండా టీవీ ప్రసారం కూడా చేసి చూపించారు. 1996లో ఐరిష్ టీవీ చానల్ వచ్చింది.

అక్కడ ఆగినంతసేపూ జహీరాబాద్ దగ్గరి మాచ్‌నూర్ గుర్తొచ్చింది. అక్కడి దళిత మహిళల సంగం రేడియోకి స్టూడియో ముందే ఉన్నా, లైసెన్స్ వచ్చి గాలిలోకి వెళ్ళింది 2008లో. అప్పటిదాకా కార్యక్రమాలు రికార్డు చేసి, సంగం మీటింగుల్లో వినిపించుకునేవారు. వాళ్ళు ఓపికతో గెలిచారు, రాస్‌మక్ వాళ్ళు తెగింపుతో గెలిచారు. రెండు చోట్లా అడిగింది ఒకటే, తమ యాస రేడియోలో వినపడాలని.

మర్నాడు మామ్ క్రాస్, కాంగ్ మీదుగా మేయో జిల్లాలోని బాలీహానిస్‌కు వెళ్ళాను. 1980లలో ఇలాంటి చిన్న పట్నాల్లో పైరేట్ స్టేషన్లు చాలా వచ్చాయి. పాత చట్టంలో జరిమానా పెద్ద లెక్కలోది కాదు, ఊరి దుకాణాల ప్రకటనలతో ఖర్చులు వెళ్ళిపోయేవి. 1988లో కొత్త చట్టం తెచ్చి, పైరేట్లకు ప్రకటనలివ్వడం కూడా నేరమన్నారు. లైసెన్స్ కావాలనుకున్న వాళ్ళు ఆ డిసెంబర్ 31 లోపు మూసేయాలి. బాలీహానిస్‌లో అలా లైసెన్స్ లేకుండా పుట్టిన మిడ్‌వెస్ట్ రేడియో 1989లో లైసెన్స్‌తో తిరిగొచ్చి ఇప్పటికీ నడుస్తోంది.

కారులో దాన్నే పెట్టుకున్నాను. పాటలు ఆపి చావు కబుర్లు చదివారు. పోయినవాళ్ళ పేరు, ఊరు, శవాన్ని ఏ ఇంట్లో ఉంచారు, చర్చిలో ప్రార్థన ఎన్నింటికి, అన్నీ తొందరపడకుండా చెప్పారు. దేశం మొత్తానికి మాట్లాడే రేడియోకి ఈ పని కుదరదు. పక్క ఊళ్ళో ఎవరు పోయారో తెలిస్తేనే కదా, మట్టికి వెళ్ళగలిగేది.