పనస తెలిసినవాళ్ళు దురియన్ బేరానికి వెళ్తే

విశాఖలో పెద్ద సూపర్ మార్కెట్లలో అప్పుడప్పుడు థర్మోకోల్ ట్రేలో ప్లాస్టిక్ చుట్టి దురియన్ అనే విదేశీ పండు ముక్కలు పెడతారు. ధర చూస్తే గుండె గుభేలుమంటుంది, దగ్గరికెళ్తే వాసనకి కడుపులో తిప్పుతుంది. అది తిని "ఓస్, ఇంతేనా" అన్నవాళ్ళు మా బ్యాంకులోనే ఉన్నారు. వాళ్ళతో నేను వాదించను. హైదరాబాద్‌లో తోపుడు బండి మీద కవర్లో కట్టి అమ్మే నాలుగు తొనలు తిని పనస గురించి మాట్లాడేవాళ్ళతో మా నాన్న కూడా వాదించడు. "ఆలు తిన్నది పనసే గానీ మన పనస కాదులే" అని ఊరుకుంటాడు.

మాది కవిటి మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. కొబ్బరి, జీడి, పనస, మామిడి లేని పెరడు మా ఉద్దానంలో తక్కువ. ఉద్యోగం వల్ల శ్రీకాకుళంలో ఉంటున్నాను గానీ, ఎండలు ముదిరాయంటే శనివారం మధ్యాహ్నం బస్సెక్కాల్సిందే. అమ్మని చూడ్డానికి వచ్చానంటాను. అమ్మ ఏమీ అనదు, కత్తిపీటా కొబ్బరినూనె గిన్నే తెచ్చి అరుగు మీద పెడుతుంది.

తమ్ముడు మలేషియాలోని పెనాంగ్ ద్వీపంలో ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ పని చేస్తున్నాడు. వెళ్ళిన కొత్తలోనే మొదలుపెట్టాడు (మా వైపు అక్కని అప్పా అంటారు): "అప్పా, ఇక్కడ పనసలాటి పండొకటుంది. సిన్నది. ముళ్ళు మాత్రం నిజం ముళ్ళే. ఎవులికి సెప్పినా తెలీదు, నువ్వు రా." 2023 డిసెంబరు నుంచి మలేషియా మనవాళ్ళని వీసా అడగడం మానేసింది. 2024లో విశాఖ నుంచి కౌలాలంపూర్‌కి నేరుగా విమానం పడింది. ఇక చెప్పడానికి సాకు మిగల్లేదు. పండు తినడానికి విమానం ఎక్కుతున్నామంటే మా అత్తగారు మాత్రం నమ్మలేదు. ఇంకేదో పని ఉండే వెళ్ళారని ఇప్పటికీ ఆవిడ అనుమానం.

నాన్న పనసని ఎలా చూస్తాడో ముందు చెప్పాలి. నేను అక్కడికి తీసుకెళ్ళిన చదువు అదొక్కటే. చెట్టు దగ్గరకెళ్ళి ముందు కాడ మీద ఆకు చూస్తాడు. కాయకి దగ్గరలో ఉన్న ఆకు పసుపు తిరిగిందంటే కాయ ముదిరినట్టు. తర్వాత ముళ్ళు. లేత కాయకి ఒత్తుగా, మొనదేలి ఉంటాయి. ముదిరేకొద్దీ ఒకదానికొకటి ఎడమై, చదునైపోతాయి. అప్పుడు అరచేత్తో చరుస్తాడు. లేతది గట్టిగా పలుకుతుంది, ముదిరింది లోపల బోలుగా ఉన్నట్టు 'డొబ్బు'మంటుంది. వాసన ఆఖరి పరీక్ష. "వోసన వొచ్చేదాకా ఆగితే మనకన్నా ముందు ఉడతలకి తెలిసిపోద్ది" అంటాడు. ఇన్ని చూసినా ఒక సంగతి మాత్రం కాయ మీద రాసి ఉండదు: లోపలిది కరకరలాడే గట్టి తొనా, గొంతులోకి జారిపోయే మెత్తటి తొనా అన్నది. దానికి చెట్టు తెలిసుండాలి. నూతి పక్క చెట్టు గట్టిది, కంచె మీది చెట్టు జారుడుది. మా ఇంట్లో ఇది చిన్నపిల్లలకీ తెలుసు, కొనడానికి వచ్చేవాళ్ళకి తెలీదు. తెలియాల్సిన అవసరమూ లేదు. మా పనసలో చాలా భాగం కూరకాయగా ఉన్నప్పుడే లారీలెక్కి ఒడిశా, బెంగాల్ వైపు వెళ్ళిపోతుంది. చెట్టున పండింది తినేది మేమూ, మా చుట్టాలూ.

జూన్‌లో వెళ్ళాం. పెనాంగ్‌లో దురియన్‌కి అది మంచి అదను. తమ్ముడుండే ఫ్యాక్టరీల వైపు నుంచి కొండ దాటి ద్వీపానికి పడమటి పక్కకి దిగితే బాలిక్ పులావ్ వస్తుంది. రోడ్డంతా మెలికలే. మా ఆయనకి కారులో తిరుగుడికే సగం వికారం పట్టింది, మిగతా సగానికి దురియన్ కాచుకుని ఉంది.

తోట చూసి నేను ఆగిపోయాను. ఏటవాలు కొండ మీద పొడుగాటి చెట్లు, వాటి కింద మనిషెత్తున కట్టిన వలలు. అక్కడ పండు కోయరు. దానంతటది రాలాలి, ఎక్కువగా రాత్రిపూట రాలుతుంది, తెల్లారకముందే ఏరుకుంటారు. రాలిన పండు ఆ రోజో మర్నాడో తినేయాలి. అందుకే పండు దగ్గరికి మనిషే వెళ్తాడు. థాయ్‌లాండ్‌లో ఎగుమతికి పంపేదైతే ఇంకా గట్టిగా ఉండగానే చెట్టెక్కి కోస్తారు, ప్రయాణంలో మెత్తబడుతుంది. దూరదేశాలకి వెళ్ళగలిగే సరుకు అదే. తెలిసి తెలిసి రాలేదాకా ఆగడం మా పనసకి కుదరదు. ఇరవై కిలోల కాయ పైనుంచి పడితే పగిలి ఈగల పాలే. దురియన్ ఒకటి రెండు కిలోలు, తొక్క చెక్కలా ఉంటుంది, పడ్డా చెక్కుచెదరదు. కింద మనిషుంటే మాత్రం మనిషి చెదురుతాడు. తోటవాళ్ళు హెల్మెట్ పెట్టుకునేది అందుకే.

కొట్టతను పెద్దాయన, చైనీయుడు. తమ్ముడు 'అంకుల్' అంటూ మలయ్ మాట్లాడుతుంటే నేను బల్ల మీద పోసిన పళ్ళ దగ్గర నిలబడ్డాను. అరచేత్తో చరిచే పండు కాదది, చూస్తేనే తెలుస్తోంది. ఆయన కత్తి పిడితో తట్టి వింటున్నాడు. తర్వాత చెవి దగ్గర పెట్టి మెల్లగా ఊపాడు. లోపల గుజ్జు గది గోడని వదిలి కొంచెం కదిలిన చప్పుడు వస్తే పండినట్టట. పక్కపక్కనున్న రెండు ముళ్ళ మొనలు వేళ్ళతో పట్టి దగ్గరికి నొక్కితే కొద్దిగా వంగాలి. కాడ తడిగా, పచ్చిగా ఉంటే రాత్రి రాలింది. ఎండి ముడుచుకుపోతే నిన్నటిదో మొన్నటిదో. పురుగు బెజ్జం ఉందేమో తిప్పి చూడాలి. ఆఖర్న పండు అడుగున, గీతలన్నీ కలిసే చోట ముక్కు పెట్టాలి. పచ్చిదానికి వాసన ఉండదు, మరీ ఎక్కువ పండినదానికి పులుపు తగులుతుంది, ఈ రెంటికీ మధ్యది కావాలి. నేను కాడా వాసనా చూసి ఒకటి తీసి ముందుకు జరిపాను. ఆయన దాన్ని ఊపి, నా మొహం చూసి తలాడించాడు. ఆ తలాడింపు విషయం ఊళ్ళో అందరికీ చెప్పేశాను, ఇక్కడా చెబుతున్నాను.

తూకం మాత్రం తొక్కతో సహా. తినేది మూడో వంతు కూడా ఉండదు. నాన్న గానీ పక్కనుంటే అక్కడే పంచాయితీ అయ్యేది. కానీ ఒక పద్ధతి నాకు చాలా నచ్చింది. తూచాక పొట్టి కత్తితో గీత వెంట చిన్న సందు తెరిచి లోపల చూపిస్తారు. గట్టిగా ఉన్నా, నీరు పట్టినా ఆ పండు పక్కన పెట్టి ఇంకోటి తీస్తారు. మొహం చిట్లించరు. మన పళ్ళ బండి దగ్గర పుచ్చకాయ ముక్క కోసి చూపించమంటే ఎలా చూస్తారో అందరికీ తెలిసిందే.

తినడానికీ వరస ఉంది. చప్పటి తీపితో మొదలుపెట్టి చేదువైపు వెళ్ళాలి. ముందు ఎర్ర రొయ్య పెట్టాడు. ఆ రకం పేరే అది, ఆ చుట్టుపక్కల పుట్టిందే. గుజ్జు కాస్త నారింజ రంగు. తీయగా, మెత్తగా, ఎవరికైనా నచ్చేలా ఉంది. తర్వాత ముసాంగ్ కింగ్. మలేషియా వ్యవసాయ శాఖ దురియన్ రకాలకి నెంబర్లు ఇస్తుంది. 1993లో నమోదైన దీని నెంబరు డి197. అడుగున నక్షత్రంలా గీతలు, లోపల పసుపు ముద్ద. గట్టిగా మరగబెట్టిన కోవాలో వేయించిన ఉల్లిపాయ పడితే ఎలా ఉంటుందో అలా ఉంది. నవ్వకండి, బాగుంది. చివర్లో సన్నటి చేదు నాలుక మీద చాలాసేపు ఉండిపోతుంది. చైనావాళ్ళకి దీని మీద మోజెక్కువ. 2024లో తాజా పండు పంపడానికి కూడా ఒప్పందం కుదిరింది, అంతకుముందు గడ్డకట్టించినదే వెళ్ళేది. ధరలో ఆ మోజు కనిపిస్తుంది.

నాకు నచ్చింది మాత్రం ఆ రెండూ కాదు. కొట్టు మూల బుట్టలో పేరూ నెంబరూ లేని పళ్ళున్నాయి. కంపుంగ్ అంటారట, అంటే ఊరి దురియన్. అంటు కట్టనివి, పిక్క నుంచి లేచిన చెట్లవి. పిక్క పెద్దది, గుజ్జు పల్చన. ఒకటి ఒట్టి చక్కెర, పక్కది కషాయమంత చేదు. చెట్టు చెట్టుకీ తేడా. కొట్టాయన ఒక్కో పండు ఎత్తి అది ఏ చెట్టుదో చెబుతున్నాడు. నూతి పక్క చెట్టూ, కంచె మీది చెట్టూ నాకు అక్కడ కనిపించాయి. నెంబరున్న పండుని డబ్బుంటే ఎక్కడైనా కొనొచ్చు. ఇది మాత్రం ఆ పెద్దాయన ఎదురుగా ఉంటేనే. తమ్ముడికి నా అభిప్రాయం నచ్చలేదు, ముసాంగ్ కింగ్ డబ్బులు కట్టింది వాడు కాబట్టి.

ముళ్ళు చూసి రెండూ అన్నదమ్ములనుకుంటాం గానీ చుట్టరికమే లేదు. పనస మర్రి, మేడి, మల్బరీల వైపు. దురియన్ బూరుగు, పత్తి, బెండ, మందారాల వైపు. పనసకాయంటే ఒక్క కాయ కాదు, ఒక్కో తొనా ఒక్కో పువ్వు నుంచి వచ్చింది. దురియన్‌లో ఒక పువ్వుకి ఒక కాయ, లోపల ఐదు గదులు. పత్తికాయ పగిలినట్టే గీతల వెంట విచ్చుకుంటుంది. పువ్వులు సాయంత్రం విచ్చుకుంటాయి, రాత్రి గబ్బిలాలు తేనె కోసం వచ్చి పుప్పొడి మోస్తాయి. ఇవన్నీ సరే గానీ నాకు అన్నిటికన్నా సంతోషం వేసింది బంక లేకపోవడం. కత్తికి నూనె రాయక్కర్లేదు, గోళ్ళు గీక్కోనక్కర్లేదు.

ఇక వాసన. మా ఆయన గాలికి ఎదురుగా కుర్చీ వేసుకుని కొబ్బరి బొండం తాగాడు, అంతే. హోటల్ లిఫ్టులో దురియన్ బొమ్మ మీద ఎర్ర గీత కొట్టిన కాగితం అంటించి ఉంది. 2017లో సింగపూర్ శాస్త్రవేత్తలు ముసాంగ్ కింగ్ జన్యుపటం మొత్తం చదివితే, గంధకం వాసనలు తయారుచేసే జన్యువులు అందులో మామూలుకన్నా ఎక్కువ ప్రతులుగా ఉన్నాయని తేలింది. కొట్టు దగ్గర ఒక చిట్కా చెప్పారు. గుజ్జు తీసేసిన తొక్కలో నీళ్ళు పోసి, ఆ నీళ్ళతో చెయ్యి కడుక్కోవాలట. కడుక్కున్నాను. వాసన పోయిందన్నాను నేను. పోలేదన్నాడు మా ఆయన.

అక్కడ ముసలి చెట్టు పండంటే గౌరవం. చెట్టు వయసు పెరిగేకొద్దీ రుచి చిక్కబడుతుందని వాళ్ళ నమ్మకం, ధర కూడా అలాగే చెబుతారు. ఆ మాట విన్నప్పుడు మాత్రం మనసు ఊరికి పోయింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా ఉద్దానం మీద పడ్డప్పుడు కొబ్బరీ జీడీ ఎలా పోయాయో పేపర్లలో వచ్చింది. పనస గురించి ఎవరూ పెద్దగా రాయలేదు. మా తాత పాతిన చెట్టు వేళ్ళతో సహా లేచిపోయింది. నాన్న దాని పిక్కలతో మొక్కలు లేపాడు, ఇప్పుడిప్పుడే కాస్తున్నాయి. తొన ఎలా ఉంటుందో కాపు కాపుకీ చూసుకుంటున్నాడు. పిక్క మొక్కకి తల్లి గుణం రావాలని లేదు కదా.

ఊళ్ళో ఉండే మా చిన్నాన్న కోసం ఎండబెట్టిన దురియన్ పేకెట్ కొన్నాను. కొన్నాక ఎందుకో అనుమానం వచ్చి ఫోన్‌లో వెతికాను. వంద గ్రాముల దురియన్ గుజ్జులో 430 మిల్లీగ్రాముల పైనే పొటాషియం ఉంటుంది, పనసలోనూ దాదాపు అంతే. ఎండబెడితే ఇంకా చిక్కబడుతుంది. చిన్నాన్నకి కిడ్నీలు పాడై డయాలసిస్ నడుస్తోంది. ఈ పొటాషియం వల్లే డాక్టర్లు పనస మాన్పించి చాలాకాలమైంది. మా వైపు ఇలాంటి ఇళ్ళు చాలానే ఉన్నాయి. పనసచెట్టు నీడనే మంచం వేసుకుని పడుకుంటాడు గానీ తొన ముట్టడు. ఆ పేకెట్ మా ఆఫీసువాళ్ళు తిన్నారు. "ఓస్, ఇంతేనా" అన్నారు, అది వేరే విషయం.

నాన్న అడిగింది ఒకటే: "పిక్క తెచ్చావేటి?" తేలేదు. దురియన్ పిక్క ఆరితే చచ్చిపోతుంది, కొద్ది రోజులకన్నా ఆగదు. పైగా విత్తనాలూ మొక్కలూ అనుమతి లేకుండా విమానంలో తేకూడదు. తెచ్చి పాతినా దానికి ఏడాది పొడుగునా తడి గాలి కావాలి, మా ఏప్రిల్, మే ఎండలకీ తుఫాన్లకీ ఎలా నిలుస్తుంది? ఇదంతా చెప్తే నాన్న విని, "ఇండియాలో మరెక్కడా లేదేటి?" అన్నాడు. ఉంది. నీలగిరుల్లో మేట్టుపాళయం నుంచి కూనూరు ఎక్కే ఘాట్ రోడ్డు మీద బర్లియార్‌లో ప్రభుత్వ పళ్ళతోట ఉంది, అందులో దురియన్ చెట్లున్నాయి. వానాకాలంలో కాస్తాయి. వచ్చే ఏడు కోయంబత్తూరు దాకా రైల్లో వెళ్దామన్నాను. సరేనన్నాడు. పనసలన్నీ దిగిపోయాకే బయల్దేరాలట, రైల్లో కింద బెర్తు కావాలట, అక్కడ కాయని ముందు ఆయనే చూస్తాడట, నన్ను పక్కనుండమన్నాడు.