ఎనిమిది అడుగులు

నిన్న పోస్టులో యూడీఐడీ కార్డు, అంటే వికలాంగుల గుర్తింపు కార్డు వచ్చింది. పసుపు రంగుది, అంటే వైకల్యం 40 శాతానికి తక్కువ కాదు, 80 శాతానికి చేరలేదు. నాది మల్టిపుల్ స్క్లెరోసిస్, నరాల మీది పొరను దెబ్బతీసే జబ్బు. దాన్ని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమే 21 వైకల్యాల జాబితాలో చేర్చింది. అయినా ఈ కార్డు కోసం ఏడు నెలలు తిరిగాను. ఆ మంట ఇంకా చల్లారలేదు.

దరఖాస్తు ఇంట్లోనే కూర్చుని పంపాను. అరగంట పని.

మెడికల్ బోర్డు ఏప్రిల్‌లో పిలిచింది. బెంగళూరులోని ఒక ప్రభుత్వాసుపత్రి. వదిన తోడు వచ్చింది. పొద్దున్నే మొదటి పేరు నాదే. గదిలో ఏసీ చల్లగా ఉంది, రాత్రి బాగా నిద్రపోయాను. డాక్టరు తలుపు దగ్గర నుంచి బల్ల దాకా నడవమన్నారు. ఎనిమిది అడుగులు. తిన్నగానే నడిచాను. "బాగానే నడుస్తున్నారు కదా, మీకెందుకమ్మా ఇది?" అన్నారు, గదిలో అందరూ వింటుండగా. ఫైలు తెరవకుండానే 20 శాతం రాశారు. నేను అబద్ధం చెప్పి దొరికిపోయినట్టు వెనక నిలబడ్డవాళ్లు చూశారు.

ఆ కాగితం జిరాక్సు తీయించుకోవడానికి బయట ఎండలో గంటసేపు నిలబడ్డాను. కుడి కంటికి పొగ పట్టినట్టయింది. కాళ్లు తడిసిన గోనెసంచుల్లా బరువెక్కాయి. "వదినా, పట్టుకో" అనేలోపే గోడకు ఆనుకుని జారిపోయాను. నరాల మీది మైలిన్ పొర దెబ్బతిన్నవాళ్లకు ఒంట్లో వేడి పెరిగితే ఇలా అవుతుంది, చల్లబడితే చూపు తిరిగి వస్తుంది. ఒంటికి శ్రమ కలిగితే చూపు ఇలా కాసేపు మసకబారుతుందని ఊథాఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు 1890లోనే రాశాడు. వదిన పరుగున వెళ్లి, ఇప్పుడు వచ్చి చూడమని బతిమాలింది. కాపలాదారు లోపలికి పోనివ్వలేదు. "నాళె బన్ని" అన్నాడు, రేపు రండి అని.

ఆ రాత్రి జాకెట్టు హుక్కులు నా వేళ్లకు అందలేదు, వదినే విప్పింది. ఆ ఎనిమిది అడుగుల్లో ఇదెక్కడ కనిపిస్తుంది? మధ్యాహ్నం రెండు దాటితే అన్నం గిన్నె దించలేని నీరసం ఎక్కడ కనిపిస్తుంది? మా న్యూరాలజిస్టు ఒకసారి నాచేత 54 ప్రశ్నల పత్రం నింపించారు. నీరసం, నొప్పి, మూత్రం ఆపుకోలేకపోవడం, దాంపత్యం, దిగులు, అన్నీ అందులో ఉన్నాయి. నా బతుకు ఎలా ఉందని ఒకరు అడగడం అదే మొదటిసారి. ఆ రోజు ఇంటికి వచ్చి ఏడ్చాను.

బోర్డు శాతం అన్యాయమనిపిస్తే అప్పీలు చేసుకోవచ్చని చట్టంలో 59వ సెక్షన్ ఉంది. ఆ మాట నాకు ఆసుపత్రిలో ఎవరూ చెప్పలేదు, నేనే చదివి తెలుసుకున్నాను. అర్జీ కన్నడలో నా చేత్తోనే రాశాను, ఒక్క తప్పు లేదు. గేటు దగ్గర ఏజెంట్లకు మాత్రం పైసా ఇవ్వకండి. న్యూరాలజిస్టు చేత, ఈ జబ్బు వైకల్యాన్ని కొలిచే ఈడీఎస్‌ఎస్ స్కోరుతో పాటు ఎంత దూరం నడిస్తే ఆగిపోతారో, ఎండలో ఏమవుతుందో, చేతులు ఎంతవరకు పనిచేస్తాయో రాయించుకోండి. ఆ ఉత్తరం ఉండబట్టే రెండోసారి డాక్టరు నన్ను వరండాలో అటూ ఇటూ పలుమార్లు నడిపించి, చొక్కా ఇచ్చి గుండీలు పెట్టమన్నారు. మూడో గుండీ దగ్గర ఆపమని, ఆవిడే చొక్కా అందుకున్నారు. 50 శాతం వచ్చింది.

ఇక బస్సు పాసు మిగిలింది. సాయంత్రం వెళ్దామంటోంది వదిన. ఎండ ఎక్కకముందే, పొద్దున ఎనిమిదికే బయలుదేరదామన్నాను.