ఆఖరి హ్యారీ పాటర్ మళ్లీ చూశాక

డెత్లీ హాలోస్ రెండో భాగం మళ్లీ చూశాను. 2011 జూలైలో రిలీజైనప్పుడు థియేటర్‌లో వినిపించిన వెక్కిళ్లు ఇంకా గుర్తున్నాయి. ఎక్కువమంది ఏడ్చింది హ్యారీ టీచర్ స్నేప్ జ్ఞాపకాల దగ్గరే. అన్నేళ్లు తిట్టుకున్న మనిషి మనసులో ఏముందో తెలిసేసరికి నా పక్కనున్నవాళ్లు ముఖం దాచుకున్నారు. స్నేప్‌గా నటించిన అలాన్ రిక్‌మన్ కళ్లతోనే చేసేశారు ఆ సీన్ అంతా. 2016లో ఆయన పోయారని విన్నప్పుడు కూడా నాకు ముందు అదే మెదిలింది.

పుస్తకం 2007లోనే వచ్చేసింది కాబట్టి ముగింపు చాలామందికి ముందే తెలుసు. అయినా ఏడుపు ఆగలేదు. 2001లో చిన్నపిల్లలుగా పరిచయమైన హ్యారీ, రాన్, హెర్మయినీ ముగ్గురూ ఎనిమిది సినిమాల్లో మన కళ్లముందే పెద్దవాళ్లయ్యారు. వాళ్లతోపాటే మన పరీక్షలు, స్నేహాలు, గొడవలు కూడా నడిచాయి. ఇక ఎదురుచూడటానికి తర్వాతి భాగం లేదన్న బాధ మామూలుది కాదు. "సినిమాకే అంత ఏడవాలా?" అనేవాళ్లకు అది చెప్పినా అర్థం కాదేమో.

నన్ను బాగా కుదిపేసేది మాత్రం అడవి సీన్. చావుకు ఎదురెళ్లే ముందు హ్యారీకి ఎప్పుడో చనిపోయిన అమ్మానాన్నలు కనిపిస్తారు. తనతోనే ఉండమని అడుగుతాడు. ఈసారీ అక్కడ కన్నీళ్లు ఆపుకోలేకపోయాను. మీకు ఏ సీన్?