అయిపోతాయన్నవి అయిపోలేదు

1990లో పాల్ ఎర్లిక్ అనే జీవశాస్త్రవేత్త, తనతో పందెం కాసిన ఆర్థికవేత్త జూలియన్ సైమన్‌కు 576.07 డాలర్ల చెక్కు పంపాడు. ఆ కవరులో లోహాల ధరల లెక్క ఉన్న కాగితం తప్ప ఉత్తరమేమీ లేదు. జనాభా పెరిగేకొద్దీ భూమిలోని ఖనిజాలు అరుదై వాటి ధరలు పెరగక తప్పదని ఎర్లిక్ వాదన. మనుషులు పెరిగితే ఆలోచించే బుర్రలూ పెరుగుతాయి గనుక ఏ కొరతా ఎక్కువ కాలం నిలవదని సైమన్ వాదన. 1980లో ఇద్దరూ రాగి, క్రోమియం, నికెల్, తగరం, టంగ్‌స్టన్ అనే అయిదు లోహాలను ఒక్కొక్కటి 200 డాలర్ల చొప్పున కొన్నట్టు కాగితం మీద రాసుకొని, పదేళ్ల తరవాత ద్రవ్యోల్బణాన్ని మినహాయించి చూసినప్పుడు వాటి మొత్తం ధర పెరిగితే సైమన్, తగ్గితే ఎర్లిక్ ఆ తేడాను చెల్లించాలని ఒప్పుకున్నారు. ఆ పదేళ్లలో ప్రపంచ జనాభా 80 కోట్లకు పైగా పెరిగింది. అయిదు లోహాల ధరలూ తగ్గాయి.

జనాభా గురించి భయపడనక్కరలేదని చెప్పేవారు ఈ కథను ఇక్కడితో ఆపేస్తారు. ఎర్లిక్ పక్షాన మాట్లాడేవారు అదృష్టం సంగతి ఎత్తుతారు. వారి మాటలోనూ నిజముంది: తగరం ధరను నిలబెడుతూ వచ్చిన అంతర్జాతీయ ఒప్పందం సరిగ్గా 1985లో కుప్పకూలింది, ఇరవయ్యో శతాబ్దంలో మరేవో పదేళ్లను ఎంచుకొని ఉంటే ఎర్లిక్ గెలిచిన సందర్భాలు చాలానే తేలతాయని తరవాత లెక్కలు వేసినవారు చూపించారు. చాలా ఏళ్లు నేను కూడా ఈ అదృష్టం వాదనతోనే సరిపెట్టుకున్నాను. బడిలో జనాభా విస్ఫోటనం మీద వ్యాసాలు కంఠతా పట్టి పెరిగినవాడికి ఎర్లిక్ ఓడిపోవడం మింగుడుపడే విషయం కాదు. ఇప్పుడు నా అభ్యంతరం వేరు. గెలిచినవాడూ ఓడినవాడూ కూడా పందానికి తప్పు సరుకును ఎంచుకున్నారు.

లోహానికి యజమాని ఉంటాడు, ధర ఉంటుంది. రాగి కొరత పడితే ధర పెరుగుతుంది; ధర పెరిగితే అంతకుముందు గిట్టుబాటు కాని నాసిరకం ఖనిజాన్ని కూడా తవ్వడం మొదలవుతుంది, పాత తీగలూ పాత్రలూ కరిగించేవారికి గిరాకీ వస్తుంది, రాగి లేకుండానే పని జరిపించే మార్గం కోసం ఎవరో ఒకరు తలపట్టుకొని కూర్చుంటారు. టెలిఫోన్ మాటలను మోసిన రాగి తీగల స్థానంలోకి గాజు తంతువులు వచ్చింది ఇలాంటి ఒత్తిళ్ల నడుమే. రాగి అయిపోకపోవడం వెనక భూమి ఔదార్యం ఏమీ లేదు. అది అయిపోకుండా చూసుకోవడం కొందరికి లాభసాటిగా ఉంది, అంతే. మరి యజమానీ ధరా లేనివాటి సంగతేమిటి?

1995లో ఎర్లిక్ వాతావరణ శాస్త్రవేత్త స్టీఫెన్ ష్నైడర్‌తో కలిసి రెండో పందానికి పిలిచాడు. ఈసారి లోహాలు లేవు. భూమి ఉష్ణోగ్రత, గాలిలోని కార్బన్ డయాక్సైడ్, మనిషికి సగటున దక్కే సాగుభూమి, సముద్రపు చేపలు వంటి 15 కొలతలు ఉన్నాయి. సైమన్ ఒప్పుకోలేదు. మనుషుల బాగోగులను నేరుగా చూపే కొలతలైతేనే పందెం కాస్తానన్నాడు. అది తప్పించుకోవడమని కొందరు నవ్వారు గాని, నాకు అది నిజాయితీ గల తిరస్కారంగానే కనిపిస్తుంది: తన సిద్ధాంతం ఎంతవరకు నడుస్తుందో ఆయనకు తెలుసు. విచిత్రమేమంటే, మొదటి పందెం తెలిసినవారిలో చాలామందికి ఈ రెండోది తెలియదు.

బొగ్గు చరిత్ర చూస్తే ఈ తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1865లో విలియం స్టాన్లీ జెవన్స్ అనే ఆర్థికవేత్త, బ్రిటన్ బలమంతా బొగ్గులోనే ఉందనీ, చౌకగా దొరికే బొగ్గు తరిగిపోతే ఆ దేశపు ఆధిక్యం కూడా పోతుందనీ ఒక పుస్తకమే రాశాడు. ఆవిరి యంత్రాలు తక్కువ బొగ్గుతో ఎక్కువ పని చేయడం నేర్చుకుంటే పొదుపు జరగదని, యంత్రం నడపడం చౌకై అవి ఊరూరా వెలిసి మొత్తం వాడకం పెరుగుతుందని ఆయన ఆ పుస్తకంలోనే చెప్పిన మాట నేటి మన విద్యుత్ పరికరాలకు కూడా చాలావరకు వర్తిస్తుంది. అసలు భయం మాత్రం మరో విధంగా తేలిపోయింది. బ్రిటన్‌లో ఆఖరి లోతు గని 2015 డిసెంబరులో, ఆఖరి బొగ్గు విద్యుత్ కేంద్రం 2024 సెప్టెంబరులో మూతపడ్డాయి, కాని బొగ్గు ఇంకా భూమిలోనే ఉంది. ప్రపంచం మొత్తం మీద ఇప్పుడు ఏటా 800 కోట్ల టన్నులకు పైగా బొగ్గు కాలుతోంది. తరిగింది బొగ్గు కాదు, దాని పొగను పడేసే చోటు. 1958లో హవాయిలోని మౌనా లోవా పర్వతం మీద కొలతలు మొదలుపెట్టినప్పుడు గాలిలో పది లక్షల వంతులకు 315 వంతుల దాకా ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. గాదెలో ధాన్యం ఎంత ఉందో రోజూ లెక్క చూసుకున్నవారు, ఇంటి వెనక పెరిగిన దిబ్బ వైపు తల తిప్పలేదు.

ఆర్థికవేత్త మాల్థస్ భయం కూడా ఇలాగే పక్కకు జరిగింది. జనాభా పెరుగుదలను తిండి పెరుగుదల అందుకోలేదని ఆయన 1798లో రాసేనాటికి భూమి మీద 100 కోట్ల మంది కూడా లేరు. గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చే పద్ధతిని ఫ్రిట్జ్ హేబర్ 1909లో చేసి చూపించి, కార్ల్ బాష్ 1913 నాటికి కర్మాగారంలోకి తెచ్చిన తరవాత నేల సారానికి ఉన్న పాత హద్దు చెరిగిపోయింది. ఇవాళ భూమి మీద ఉన్నవారిలో దాదాపు సగం మంది తిండి ఆ ఎరువు మీద ఆధారపడి ఉందని అంచనా. అయితే పొలంలో వేసిన నత్రజనిలో పెద్ద భాగం పైరుకు అందదు, వాగుల్లోకీ నదుల్లోకీ కొట్టుకుపోతుంది. మిసిసిపి నది మెక్సికో సింధుశాఖలో కలిసే చోట ప్రతి వేసవిలో ఆ నత్రజని వల్ల నాచు విపరీతంగా పెరిగి, కుళ్లి, నీటిలోని ప్రాణవాయువును లాగేసి, వేల చదరపు కిలోమీటర్ల మేర చేపలు బతకలేని మృతప్రాంతం ఏర్పడుతుంది. ఎరువు బస్తాకు ధర ఉంది గాని ఆ నష్టానికి లేదు. ఇలా పక్కవాడి మీదికి తోసేసే ఖర్చును పన్ను రూపంలో అసలు ధరలోనే కలపాలని ఆర్థికవేత్త ఆర్థర్ పిగూ 1920లోనే రాశాడు. ఆచరణలో మాత్రం ఇప్పటికీ నత్తనడకే.

జనాభా లెక్క గురించి కూడా రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే అక్కడ కూడా మన భయాలు పాతబడ్డాయి. ప్రపంచ జనాభా 1960 ప్రాంతంలో 300 కోట్లు. 2022 నవంబరు 15న 800 కోట్లు దాటిందని ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. అయితే ఏటా 2 శాతం మించి సాగిన పెరుగుదల 1960లలోనే శిఖరాన్ని తాకి, ఇప్పుడు 1 శాతం కంటే కిందికి దిగింది. ఒక స్త్రీకి సగటున అయిదుగురు పిల్లలన్న లెక్క రెండుంబావు దగ్గరికి వచ్చింది. పుట్టే పిల్లల సంఖ్య కూడా 2012 ప్రాంతం నుంచి తగ్గుతూనే ఉంది. అయినా జనాభా ఇంకా పెరుగుతుందంటే కారణం ఇప్పటికే పుట్టి, ఇంకా తల్లిదండ్రులు కావలసిన వయసు రాని తరం. వారు ఇద్దరేసి పిల్లలనే కన్నా, పోయేవారికంటే వచ్చేవారే కొంతకాలం ఎక్కువగా ఉంటారు. 2080ల్లో జనాభా 1030 కోట్ల దగ్గర శిఖరాన్ని చేరి తరవాత తగ్గుతుందని ఐక్యరాజ్యసమితి 2024 అంచనా. ఈ తగ్గుదలకు నిర్బంధం అవసరం కాలేదని బంగ్లాదేశ్ చూపించింది: 1970ల్లో ఒక స్త్రీకి దాదాపు ఏడుగురు పిల్లలున్న ఆ దేశంలో ఇంటింటికీ వెళ్లిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు, ఆడపిల్లల చదువు, శిశుమరణాల తగ్గుదల కలిసి ఆ సంఖ్యను రెండుకు చేరువ చేశాయి.

తలల లెక్క ఇలా నెమ్మదించినా వాడకం లెక్క నెమ్మదించలేదు. 1970 నుంచి ఇప్పటికి జనాభా రెట్టింపుకు కొంచెం ఎక్కువైతే, భూమి నుంచి ఏటా తీసే ఇసుక, ఖనిజాలు, ఇంధనాలు, పంటలు, కలప వంటి పదార్థాల మొత్తం 3000 కోట్ల టన్నుల నుంచి 10000 కోట్ల టన్నులు దాటింది. మనుషులు ఎంతమంది అన్నదానికంటే, ఒక్కొక్కరు ఎంత వాడుతున్నారన్నదే పెద్ద గుణకమైంది. పిల్లలు ఎక్కువగా ఉన్న పేద కుటుంబం వైపు వేలు చూపడం, పిల్లలు తక్కువగా ఉన్న సంపన్న కుటుంబానికి ఎప్పుడూ సౌకర్యంగానే ఉంటుంది.

ఇక నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసేది చేపల సంగతి. తవ్వితే తరిగే లోహాలు అయిపోలేదు. తనంతట తాను పిల్లలు పెట్టి పెరిగే చేప అయిపోయింది. కెనడా తూర్పు తీరాన న్యూఫౌండ్‌ల్యాండ్ దగ్గర కాడ్ చేపలను అయిదు వందల ఏళ్లుగా పడుతున్నారు. 1968లో, దూరదేశాల నుంచి వచ్చిన భారీ పడవలతో కలిపి, ఒక్క ఏడాదిలో సుమారు 8 లక్షల టన్నులు పట్టారు. 1977లో కెనడా తన హద్దును 200 నాటికల్ మైళ్లకు విస్తరించి విదేశీ పడవలను దూరం పెట్టింది గాని, వాటి స్థానంలోకి సొంత పడవలే వచ్చాయి. 1992 జులైలో ప్రభుత్వం వేటను ఆపేసింది. దాదాపు 30 వేల మంది ఒక్కసారిగా పని కోల్పోయారు.

ఇది ఇలా ఎందుకు జరుగుతుందో స్కాట్ గోర్డన్ అనే కెనడా ఆర్థికవేత్తే 1954లో వివరించాడు. ఎవరైనా దిగగల నీటిలో నేను ఈరోజు వదిలిన చేప రేపటికి పిల్లలు పెట్టదు, ఈ సాయంత్రమే పక్క పడవ వలలో పడుతుంది. కనుక వదలడం నాకు నష్టం. లాభం కొంచెమైనా మిగిలినంతకాలం కొత్త పడవలు వస్తూనే ఉంటాయి, ఆ లాభం సున్నా అయ్యాకే ఆగుతాయి. ఇక్కడ ధర చేసే పని తలకిందులవుతుంది. రాగి అరుదైతే పెరిగిన ధర రాగిని కాపాడే పనులన్నిటినీ ప్రోత్సహిస్తుంది. చేప అరుదైతే పెరిగిన ధర మిగిలిన చేపల కోసం మరింత దూరం, మరింత లోతు వెళ్లేలా చేస్తుంది. పైగా చేపల గుంపులను శబ్దతరంగాలతో పసిగట్టే యంత్రాలు వచ్చాక, సముద్రం ఖాళీ అవుతున్నా వల నిండుతూనే ఉంటుంది, నిండిన వలను చూసి చేపలకు కొదవ లేదనుకుంటారు. సైమన్ చెప్పిన ఆలోచించే బుర్రలు ఇక్కడ కూడా బాగానే పనిచేశాయి, కాకపోతే వేట కోసం.

ఇదంతా మార్కెట్ చేసిన పాపమేనని అనుకునేవారికి అరల్ సముద్రం అడ్డొస్తుంది. ప్రపంచంలోని నాలుగో పెద్ద సరస్సును, అందులోకి వచ్చే రెండు నదులను పత్తి పొలాలకు మళ్లించి, ఎండగట్టింది మార్కెట్ లేని సోవియట్ ప్రణాళికా వ్యవస్థే. నీటికి విలువ కట్టని చోట యజమాని రాజ్యమైనా, ఎవరూ కాకపోయినా ఫలితం ఒకటే.

గారెట్ హార్డిన్ అనే జీవశాస్త్రవేత్త 1968లో ఉమ్మడి పచ్చికబయలు ఎప్పటికైనా నాశనమే అవుతుందని రాసి, దాని నుంచి పిల్లలను కనే స్వేచ్ఛకే కళ్లెం వేయాలన్న నిర్ణయానికి వెళ్లాడు. ఆయన వర్ణించింది కట్టుబాట్లు లేని బయలు. నిజమైన ఉమ్మడి భూములు చాలావరకు అలాంటివి కావు. ఎలినార్ ఆస్ట్రమ్ దశాబ్దాల పాటు అటువంటివాటిని పరిశీలించి 1990లో పుస్తకం వెలువరించింది. ఆమెకు 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి దక్కింది, ఆ శాస్త్రంలో అది అందుకున్న మొదటి మహిళ ఆమే. ఆమె చూపిన స్విట్జర్లాండ్‌లోని టోర్బెల్ గ్రామంలో కొండమీది పచ్చికను గ్రామస్థులు ఉమ్మడిగా వాడుకునే ఏర్పాటుకు 1483 నాటి పత్రమే ఆధారంగా ఉంది. 1517 నుంచి అక్కడ ఒక నియమం: చలికాలమంతా మేపగలిగినన్ని ఆవులనే ఎవరైనా వేసవిలో కొండకు తోలాలి. ఈ నియమం నాకు ముచ్చటగా అనిపిస్తుంది. కొండ మీద గడ్డి ఎంత మిగిలిందో కొలవడం కష్టం, తగవులకు మూలం. ఎవరి కొట్టంలో ఎంత ఎండుగడ్డి ఉందో మాత్రం ఊరందరికీ కనబడుతుంది. కొలవలేనిదాన్ని కొలవగలిగినదానికి ముడివేశారు. అయిదు వందల ఏళ్ల కిందటి రైతులకు తట్టిన ఈ ఉపాయం, మహాసముద్రానికో గాలికో ఎలా కుదురుతుందన్నదే కష్టమైన ప్రశ్న, ఎందుకంటే అక్కడ ఒకరి కొట్టం మరొకరికి కనబడదు.

యజమాని ఉంటే చాలు, అన్నీ బాగుపడతాయని కూడా చెప్పలేను. 1973లో కోలిన్ క్లార్క్ అనే గణితవేత్త, తిమింగలాలు నెమ్మదిగా పెరిగే జీవులు గనుక, వాటికి ఒకే యజమాని ఉన్నా సరే, వడ్డీ రేటు వాటి పెరుగుదల రేటును మించితే అన్నిటినీ చంపి వచ్చిన సొమ్మును బ్యాంకులో వేసుకోవడమే లాభదాయకం కావచ్చని లెక్క కట్టి చూపించాడు. లెక్కలో తప్పు లేదు. రేపటిని ఇవాళ్టి కళ్లతో ఎంత తగ్గించి చూస్తామన్నదే సమస్య. వందేళ్ల తరవాత జరిగే లక్ష డాలర్ల నష్టానికి, ఏడాదికి 5 శాతం తగ్గింపుతో లెక్కిస్తే, నేటి విలువ 760 డాలర్లు, 1.4 శాతంతో లెక్కిస్తే దాదాపు 24,900 డాలర్లు. భూతాపం మీద ఆర్థికవేత్త నికొలస్ స్టెర్న్ 2006 నివేదిక రేపిన వాదోపవాదాల్లో సగం ఈ ఒక్క అంకె చుట్టూనే తిరిగాయి. మనవల విలువను నిర్ణయించే ఈ అంకె ఎక్కడో అనుబంధపు పట్టికలో, చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఆర్థికవేత్త పార్థ దాస్‌గుప్తా 2021లో బ్రిటన్ ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో ఒక లెక్క ఉంది. 1992 నుంచి 2014 వరకు మనిషికి సగటున యంత్రాలు, రోడ్లు, భవనాల రూపంలోని సంపద రెట్టింపయింది. చదువు, ఆరోగ్యం, నైపుణ్యాల సంపద 13 శాతం పెరిగింది. ప్రకృతి సంపద దాదాపు 40 శాతం తగ్గింది. స్థూల జాతీయోత్పత్తిలో మొదటిది ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది, చివరిది అసలు కనిపించదు. పొలం అమ్మి ఇల్లు కట్టుకున్నవాడు ఇంటిని ఆస్తిలో రాసుకొని, పొలం సంగతి మరచిపోయినట్టు.

న్యూఫౌండ్‌ల్యాండ్ దగ్గర కాడ్ మీద నిషేధాన్ని రెండేళ్లకని విధించారు. అది తొలగించేసరికి 2024 జూన్ వచ్చింది, అంటే 32 ఏళ్లు పట్టింది. ఆ ఏడాది పట్టుకోవడానికి అనుమతించిన మొత్తం 18 వేల టన్నులు.