రెండూ ఒకటే కదా మేడమ్!

నిన్ననే గోడలకి రెండో కోటు పడింది. ఇంకా పెయింట్ వాసన పోలేదు, నా కోపమూ పోలేదు.

పుట్టీ, ప్రైమర్ ఏ గొడవా లేకుండా అయిపోయాయి. షేడ్ కార్డులో వందల రంగులు పక్కనపెట్టి రెండు మిగుల్చుకోవడం కూడా కష్టం కాలేదు. ఆ రెండే ప్రాణం తీశాయి. రెండూ బూడిదలో కాస్త మట్టి కలిసినట్టుండే లేత రంగులు. వెలుతురును ఎంత తిప్పికొడతాయో చెప్పే ఎల్ఆర్‌వీ అంకె (నలుపు 0, తెలుపు 100) ఒకదానికి 58, ఇంకోదానికి 60. ఏది ముదురో చూసి తేల్చుకునే దారీ లేదు.

షాపులో అడిగితే కౌంటర్ కుర్రాడు "రెండూ ఒకటే కదా మేడమ్, ఏదో ఒకటి తీసుకోండి" అన్నాడు. కార్డులు తెల్ల కాగితం మీద పెట్టి, ఒకటి ఆకుపచ్చగా, ఇంకోటి గులాబీగా తిరుగుతోంది చూడమన్నాను. చూడలేదు. వెనక ఉన్నాయనతో "మేడమ్‌కి రంగులో ఇంకో రంగు కనిపిస్తోందంట" అన్నాడు. బిల్లు కోసం నిలబడ్డవాళ్ళు కూడా నవ్వారు. మా ఆయనైతే నేనెవరో తెలియనట్టు బ్రష్షుల వైపు వెళ్ళిపోయాడు. చెవులు వేడెక్కాయి గానీ కదల్లేదు. రెండిట్లోనూ శాంపిల్ డబ్బా కలపమని, మూతల మీద అంటించిన స్టిక్కర్లు పైకే చదివించాను. బేస్‌లో, అంటే రంగు కలపని పెయింట్‌లో, మెషిన్ ఏ రంగులు పోసిందో వాటి మీద ఉంటుంది. ఒకదాంట్లో నలుపు, పసుపు ఆక్సైడ్. రెండోదాంట్లో వాటితోపాటు ఎరుపు ఆక్సైడ్. నలుపూ పసుపూ కలిస్తే పచ్చదనం వస్తుందని రోజూ రంగులు కలిపేవాడికి నేను చెప్పాల్సి వచ్చింది! నవ్వు ఆగింది. సారీ మాత్రం రాలేదు.

పెయింటర్ ఇంకో రకం. పాత పసుపు గోడ మీదే రెండు పట్టీలు వేసి చూసుకోమన్నాడు. పక్కనున్న రంగును బట్టి కంటికి రంగు మారుతుందని షెవ్రల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త 1839లోనే పుస్తకం వేశాడు. ఆ కబురు మా పెయింటర్‌కి ఇంకా అందలేదు.

దళసరి అట్టల మీద, చుట్టూ తెల్ల అంచు వదిలి, నేనే రెండేసి కోట్లు వేశాను. పూర్తిగా ఆరనివ్వండి, ఎమల్షన్ (ఈ గోడ పెయింట్) ఆరాక కాస్త ముదురుతుంది. పగలు కిటికీ దగ్గర నిజంగానే రెండూ ఒకేలా ఉన్నాయి. రాత్రి 2700 కెల్విన్ (బల్బు వెలుతురు పసుపో తెలుపో చెప్పే అంకె) పసుపు బల్బు వేయగానే ఎరుపు ఉన్నది పాత కాలపు గులాబీ గోడలా తేలింది. పచ్చది చక్కగా మట్టిరంగులో నిలబడింది. 6500 తెల్ల బల్బు కింద మాత్రం పచ్చదానికి జ్వరం కళ వచ్చింది. మా ఇంట్లో అన్నీ పసుపు బల్బులే, అందుకని పచ్చదే ఖాయం చేశాను. బల్బులు ఏవో తేల్చుకోకుండా గోడ రంగు తేల్చకండి.

మూత మీది స్టిక్కర్‌ని ఫోటో తీసి దాచుకోండి. రేపు గోడకి గీత పడి వెళితే "ఆ షేడ్ లేదు మేడమ్, దగ్గరది ఇస్తా" అంటారు. వాళ్ళ దగ్గరది నాకొద్దు.