మూడు నోట్సుల్లో ఒకే ఏడాది
1492 అని రాస్తుంటే చెయ్యి ఆగిపోయింది. ఈ అంకె ఇప్పటికే రెండుసార్లు రాశాను.

స్పెయిన్ చరిత్ర నోట్సులో, జనవరి 2న అక్కడి చివరి ముస్లిం రాజ్యం గ్రనడా లొంగిపోయినప్పుడు. మతాల చరిత్రలో, మార్చి 31న యూదులను దేశం విడిచి పొమ్మన్న ఆజ్ఞ దగ్గర. ఈరోజు ప్రపంచ చరిత్ర తరగతిలో కొలంబస్ ప్రయాణం, ఆగస్టు 3.

మూడింటి వెనకా స్పెయిన్ రాణి ఇసబెల్లా, రాజు ఫెర్డినాండులే! మూడు పరీక్షలకు విడివిడిగా చదివాను, ఒక్కసారీ పక్కపక్కన పెట్టి చూడలేదు.

యూదులకిచ్చిన గడువు జూలై ఆఖరు. అంటే, పుట్టిన ఇల్లు వదిలిన కుటుంబాలు రేవుల్లో ఓడలకోసం వెతుక్కున్న రోజులు గడవగానే కొలంబస్ మూడు ఓడలూ తెరచాపలెత్తాయి.

సాయంత్రం నుంచి ఆ రేవులే కళ్లముందు ఉన్నాయి. పిల్లల చేతుల్లో ఏ మూటలున్నాయో ఏ నోట్సులోనూ లేదు.