ఫర్నేస్ వెలిగి వెంటనే ఆరిపోతుంటే: నా అనుభవం

షికాగో వైపు ఉన్నవాళ్లకి 2019 జనవరి చివరి వారం గుర్తుండే ఉంటుంది. 30వ తేదీ పొద్దున మైనస్ 23 ఫారెన్‌హీట్, మన లెక్కలో సెల్సియస్ మైనస్ 30 దాటింది. సరిగ్గా ఆ వారంలోనే ఇల్లంతా వెచ్చగా ఉంచే మా గ్యాస్ ఫర్నేస్ మొరాయించింది. ఇంట్లో చంటిపిల్ల, సంక్రాంతికని ఒంగోలు నుంచి వచ్చిన అమ్మానాన్న. ఇంట్లో ఎంత వేడి ఉండాలో చూసుకునే థర్మోస్టాట్‌లో అంకె ఒక్కొక్కటే దిగుతుంటే టెన్షన్ మొదలైంది. సర్వీసు వాళ్లకి ఫోన్ చేస్తే ఊరంతా ఇదే గొడవట, రెండు రోజుల దాకా రాలేమన్నారు. ఆ చలిలో వాళ్లని అనడానికీ లేదు.

ముందుగా ఒక్క మాట. గ్యాస్ వాసన వస్తుంటే నేను చేసినవేవీ చేయకండి. స్విచ్‌లు ముట్టుకోకుండా అందరూ బయటికి వచ్చేసి, అక్కడి నుంచి ఫోన్ చేయండి. మాకు వాసన లేదు, కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందని పరీక్షించి చూసుకున్నాను, ఆ తర్వాతే బేస్‌మెంట్‌లోకి దిగాం.

మాది పాత రకం 80 శాతం ఫర్నేస్, అంటే గ్యాస్ వేడిలో దాదాపు 80 శాతమే ఇంటికి అందుతుంది, మిగతాది చిమ్నీలోంచి పోతుంది. ఇంట్లోకి వేడిగాలి తోసే ఫ్యాన్, అంటే బ్లోయర్ వైపు తలుపు తీస్తే స్విచ్ పడి మొత్తం ఆగిపోతుంది గానీ, బర్నర్ల వైపు తలుపు తీసి ఉంచినా నడుస్తుంది, కాబట్టి లోపల ఏం జరుగుతోందో కూర్చుని చూడొచ్చు. నాన్న టార్చ్ పట్టుకున్నారు. థర్మోస్టాట్ అడగ్గానే ముందు ఇండ్యూసర్ మోటార్ తిరిగింది, అది లోపలి గాలిని చిమ్నీలోకి లాగుతుంది. ఆ లాగుడు సరిపడా ఉంటే ప్రెషర్ స్విచ్ టక్కుమని మూసుకుంటుంది. తర్వాత మంట అంటించే ఇగ్నైటర్ మెల్లగా ఎర్రబడి, పసుపు తిరిగి ధగధగలాడింది, గ్యాస్ వాల్వ్ తెరుచుకుంది, బర్నర్లు ఒక చివర నుంచి ఇంకో చివరికి అంటుకున్నాయి. హమ్మయ్య అనుకునేలోపే మొత్తం ఆరిపోయింది. కాసేపాగి మళ్లీ అదే వరస. ఇలా కొన్నిసార్లు ప్రయత్నించి, ఫర్నేస్‌ని నడిపే కంట్రోల్ బోర్డు లాకౌట్‌లోకి వెళ్లిపోయింది, అంటే ఇక వెలిగించే ప్రయత్నం మానేసింది.

"ఏరా, గ్యాస్ వచ్చింది, మంట కూడా వచ్చింది, మరి ఆర్పిందెవరు?" అన్నారు నాన్న. అసలు ప్రశ్న అదే.

ఆర్పింది కంట్రోల్ బోర్డే. మంట నిజంగా వెలిగిందని దానికి రుజువు కావాలి, లేకపోతే వెలగని గ్యాస్ ఇంట్లో నిండుతుంది కదా. ఆ రుజువు ఇచ్చేది ఫ్లేమ్ సెన్సర్: చివరి బర్నర్ ముందు మంటలోకి చొచ్చుకుని ఉండే సన్నటి కడ్డీ, పింగాణీ పిడి, ఒకే ఒక్క వైరు. బోర్డు ఆ కడ్డీకి ఏసీ వోల్టేజీ పంపుతుంది, మంటకి కొద్దిగా కరెంటుని మోసే గుణం ఉంది, పైగా కడ్డీ చిన్నది, బర్నర్ పెద్దది కావడంతో ఆ కరెంటు ఒకవైపే ఎక్కువగా పారి డీసీగా మారుతుంది. ఎంతో కాదు, కొన్ని మైక్రోయాంపులు. అది అందకపోతే బోర్డు కొన్ని సెకన్లలో గ్యాస్ కట్టేస్తుంది. కడ్డీ మీద పొర పేరుకుంటే కళ్లెదుట మంట భగభగమంటున్నా బోర్డుకి లేనట్టే. తలుపు లోపలి కాగితంలో, బోర్డు మీది లైటు ఎన్నిసార్లు మెరిస్తే ఏ లోపమో రాసి ఉంది, అదీ ఇదే చెప్పింది.

కరెంటు స్విచ్ ఆపేశాను, గ్యాస్ పైపు మీది పిడిని పైపుకి అడ్డంగా తిప్పాను. సెన్సర్‌కి ఉన్నది ఒకే స్క్రూ, పావు అంగుళం నట్ డ్రైవర్ చాలు. బయటికి తీసి చూస్తే పెద్ద మురికేమీ కనపడలేదు, కొస వైపు తెల్లగా బూడిద రాసినట్టు పల్చటి పొర, అంతే. దీనికే ఇల్లంతా చల్లబడిందా అనిపించింది. సన్నరకం స్టీల్ ఊల్‌తో లోహం మెరిసేదాకా మెల్లగా రుద్ది, పొడిగుడ్డతో తుడిచాను. ఉప్పుకాగితం వద్దు, గీతలు పడి పొర ఇంకా త్వరగా పడుతుంది. పింగాణీకి పగుళ్లు లేవని చూసుకుని బిగించాను. పక్కనే ఉన్న ఇగ్నైటర్ జోలికి వెళ్లలేదు. మాది సిలికాన్ కార్బైడ్ రకం, పెళుసు, చేతి జిడ్డు అంటినా ఆ చోట పగిలే ప్రమాదం ఉంది.

గ్యాస్, కరెంటు మళ్లీ ఇచ్చాం. ఇండ్యూసర్, టక్, ఎరుపు, మంట. ఈసారి నిలబడింది. కాసేపటికి బ్లోయర్ అందుకుంది. నాన్న పైకి కేకేశారు, "అమ్మాయ్, వేడిగాలి వస్తోందా?" అని. వస్తోంది మావయ్యగారూ అంది మా ఆవిడ.

అక్కడితో అయిపోలేదు. బ్లోయర్ తిరుగుతున్నప్పుడు ఇంకాసేపు చూస్తే చివరి బర్నర్ మంట కొసలు పసుపుగా కనిపించాయి. ఇంట్లో గ్యాస్ పొయ్యి మంట పసుపు తిరిగి గిన్నెల అడుగున మసి పడితే అమ్మ బర్నర్ విప్పి కడిగేది, ఇదీ అలాంటిదే అనుకున్నాను గానీ ఇక్కడ విప్పే ధైర్యం చేయలేదు, చేయకూడదు కూడా. పైగా ఆ బర్నర్ కాస్త ఆలస్యంగా, ఢబ్‌మని అంటుకుంటోంది. ఆలస్యంగా అంటుకోవడమంటే ఆ కాస్తసేపు గ్యాస్ పోగవుతోందన్నమాట, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. సెన్సర్ బాగైంది కదా అని అపాయింట్‌మెంట్ రద్దు చేసుకోలేదు.

వచ్చిన టెక్నీషియన్ నెమ్మదస్తుడు, అడిగినవన్నీ చూపించాడు. బర్నర్లు బయటికి తీస్తే, ఒకదాని నుంచి ఇంకోదానికి మంట పాకే సన్నటి సందు తుప్పు పెచ్చులతో పూడుకుపోయి ఉంది. బ్రష్‌తో రుద్ది, గాలి కొట్టి శుభ్రం చేశాడు. గ్యాస్ వచ్చే సన్నటి రంధ్రమున్న ఇత్తడి ముక్క, ఆరిఫిస్‌లోకి మాత్రం తీగ పెట్టి పొడవలేదు, రంధ్రం కాస్త పెద్దదైనా గ్యాస్ లెక్క తప్పుతుందన్నాడు. ప్రెషర్ కొలిచే మానోమీటర్ పెట్టి వాల్వ్ దాటాక ప్రెషర్ చూశాడు, న్యాచురల్ గ్యాస్‌కి మామూలుగా ఉండాల్సిన 3.5 అంగుళాల వాటర్ కాలమ్ (గ్యాస్ ప్రెషర్ కొలత) దగ్గరే ఉంది. ఇగ్నైటర్ చల్లగా ఉన్నప్పుడు దాని రెసిస్టెన్స్ ఓమ్స్‌లో కొలిచాడు. ఈ రకానికి 40 నుంచి 90 మధ్య ఉంటే పర్వాలేదట, మాది పై అంచుకి వచ్చేసింది, అందుకని మార్పించాను. బిగించిన జాయింట్ల మీద సబ్బునీళ్లు రాసి బుడగలు వస్తాయేమో చూశాడు. చివర్లో బ్లోయర్ మొదలైన క్షణంలో మంట అటూఇటూ ఊగుతోందా అని చాలాసేపు చూశాడు. అలా ఊగితే, మంట వేడిని ఇంటి గాలికి అందిస్తూ పొగని వేరుగా ఉంచే హీట్ ఎక్స్ఛేంజర్ పగిలి ఉండొచ్చట, అప్పుడు పొగలోని విషవాయువు ఇంటి గాలిలో కలిసే ప్రమాదం ఉంది. మాది కదల్లేదు, అన్ని బర్నర్లూ నీలంగా, నిలువుగా వెలిగాయి.

ఇప్పుడు ఏటా అక్టోబర్‌లో, చలి ముదరకముందే, సెన్సర్ నేనే తీసి తుడుస్తాను, ఫిల్టర్ మారుస్తాను, తలుపు తీసి ఒకసారి మొదటి నుంచి చివరిదాకా వెలిగేది చూస్తాను. బర్నర్లు, ప్రెషర్, హీట్ ఎక్స్ఛేంజర్ టెక్నీషియన్ పనే. ఎవరైనా తెలుగువాళ్లు ఫర్నేస్ ఆగిందని ఫోన్ చేస్తే నేను ముందు అడిగేది ఒకటే: ఏ మెట్టు దగ్గర ఆగింది? ఇండ్యూసరే తిరగకపోతే ఒక దారి, ఇగ్నైటర్ ఎర్రబడకపోతే ఇంకో దారి, వెలిగి ఆరిపోతుంటే మాత్రం స్టీల్ ఊల్ తెచ్చుకోమంటాను.